జంట మైదానాలు: ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బుల్లో రెండో కోర్సు చరిత్ర

ఒక ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బు తన సభ్యుల కోసం ఒకటికి మించి కోర్సులను నిర్మించుకోవడం పైకి సంపద ప్రదర్శనలాగానే కనిపిస్తుంది. ఒక్కో కోర్సు సుమారు 150 ఎకరాల నేలను మింగుతుంది. ఆ నేలలో అధిక భాగాన్ని ఏడాది పొడవునా కోస్తూ, తడుపుతూ, చీడపీడల నుంచి కాపాడుతూ ఉండాలి. అయినా ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఇంగ్లండ్, అమెరికా నగరాల శివార్లలో ఇలాంటి క్లబ్బులు ఒకదాని వెంట ఒకటి వెలిసినప్పుడు వాటిని పుట్టించింది ఆడంబరం కంటే ఎక్కువగా వారాంతపు రద్దీయే. ఆ తరువాతి చరిత్రలో మాత్రం రెండో కోర్సు తన పుట్టుకతో సంబంధం లేని ఎన్నో పనులకు ఉపయోగపడింది, చాలాచోట్ల మొదటిదాని నీడలోనే ఉండిపోయింది.

ఆ రద్దీ అర్థం కావాలంటే ఆట లెక్క తెలియాలి. ‘టీ’ అనే చదునైన గద్దె నుంచి బంతిని కొట్టి, ‘ఫెయిర్‌వే’ అనే కత్తిరించిన గడ్డి దారి వెంట ముందుకు పంపి, ‘గ్రీన్’ అనే నున్నటి పచ్చిక మీది గుంతలో పడవేస్తే ఒక ‘హోల్’ పూర్తవుతుంది. అలాంటి 18 హోల్స్ కలిస్తే ఒక కోర్సు. 1764లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 22 హోల్స్‌ను 18కి కుదించిన నాటి నుంచి ఈ సంఖ్య క్రమంగా ప్రమాణంగా స్థిరపడింది. ఆటగాళ్లు నలుగురేసి బృందాలుగా, ఎనిమిది పది నిమిషాల ఎడంతో బయలుదేరతారు గనుక గంటకు పాతిక ముప్ఫై మందికి మించి ఆట మొదలుపెట్టలేరు. శనివారం ఉదయం నాలుగు గంటల వ్యవధిలో వంద నుంచి నూట ఇరవై మందికి మాత్రమే అవకాశం దొరుకుతుంది. వారమంతా నగరంలో వ్యాపారమో న్యాయవాద వృత్తో చేసుకునే సభ్యులు నాలుగైదు వందల మంది ఉన్న క్లబ్బులో అందరూ కోరుకునేది ఆ ఒక్క ఉదయాన్నే. సభ్యత్వాన్ని కుదించుకోవడమో, మరో కోర్సు వేసుకోవడమో తప్ప క్లబ్బు ముందు వేరే దారి లేదు. సభ్యత్వ రుసుమే ప్రధాన ఆదాయమైన సంస్థ మొదటి మార్గాన్ని ఎంచుకోవడం అరుదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఈ లెక్కకు రైలు మార్గాలు, మోటారు కార్లు, చౌకగా దొరికిన పొలాలు తోడయ్యాయి. న్యూజెర్సీ రాష్ట్రంలోని బాల్టస్‌రోల్ క్లబ్బు చరిత్రలో ఆ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 1831లో హత్యకు గురైన బాల్టస్ రోల్ అనే రైతు పేరు మీద ఆ ప్రాంతానికి ఈ పేరు వచ్చింది. సంపన్న కుటుంబాల పేర్ల పట్టికగా ప్రసిద్ధికెక్కిన ‘సోషల్ రిజిస్టర్’ ప్రచురణకర్త లూయీ కెల్లర్ 1895లో అక్కడ క్లబ్బును స్థాపించాడు. అమెరికా జాతీయ చాంపియన్‌షిప్ అయిన యూఎస్ ఓపెన్ 1903లోనూ 1915లోనూ ఆ పాత కోర్సు మీద జరిగింది. రద్దీ పెరిగిన దశలో ఉన్నదాని పక్కన మరొకటి చేర్చడానికని 1918లో ఎ. డబ్ల్యు. టిల్లింగ్‌హాస్ట్ అనే రూపశిల్పిని క్లబ్బు పిలిపించగా, జాతీయ చాంపియన్‌షిప్‌కు రెండుసార్లు వేదికైన కోర్సును దున్నేసి దాని స్థానంలో సరిసమానమైన రెండు కొత్త కోర్సులను ఏకకాలంలో నిర్మించాలని అతడు ప్రతిపాదించాడు. అప్పటికే పేరున్న మైదానాన్ని చెరిపివేయడానికి ఏ క్లబ్బయినా వెనకాడుతుంది. కెల్లర్ మిత్రబృందం ఒప్పుకోవడం ఆ కాలపు ఆత్మవిశ్వాసానికి గుర్తు. కొండ పాదాన పరుచుకున్న లోయర్, కొండవాలు వెంట సాగే అప్పర్ కోర్సులు 1922లో తెరుచుకున్నాయి.

రెండింటినీ ఒకే స్థాయిలో నిలపాలన్నది టిల్లింగ్‌హాస్ట్ సంకల్పం. కొత్త కోర్సులు వచ్చాక బాల్టస్‌రోల్‌లో జరిగిన తొలి యూఎస్ ఓపెన్‌కు, 1936లో, అప్పర్ కోర్సే వేదికైంది. అక్కడ టోనీ మనేరో 282 స్ట్రోకులతో, అంటే బంతిని మొత్తం అన్నిసార్లు మాత్రమే కొట్టి, అంతవరకూ ఉన్న రికార్డును దాటాడు. కానీ 1952 ప్రాంతంలో రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అనే రూపశిల్పి చేత లోయర్‌ను పొడిగించి కఠినతరం చేయించాక 1954, 1967, 1980, 1993 చాంపియన్‌షిప్‌లన్నీ దాని మీదే జరిగాయి, ప్రసిద్ధ ఆటగాడు జాక్ నిక్లాస్ అక్కడ సాధించిన రెండు విజయాలూ దాని ఖాతాలోనే చేరాయి, అప్పర్ పేరు సభ్యుల నోళ్లలోనే మిగిలిపోయింది. నేల గుణం మారలేదు, రెండింటి మూల రూపశిల్పి ఒక్కడే, గడ్డి ఒక్కటే. తేడా తెచ్చింది చాంపియన్‌షిప్‌లు, వాటితో వచ్చిన టెలివిజన్. అయితే 1954లో, టెలివిజన్ తొలిసారి జాతీయ స్థాయిలో చూపిన ఆ యూఎస్ ఓపెన్‌లో, లోయర్ కీర్తికి అప్పర్ అనుకోకుండా సాయపడింది. చిన్ననాటి ప్రమాదంలో ఎడమ మోచేయి దెబ్బతిన్న ఎడ్ ఫర్గోల్ చివరి హోల్‌లో బంతిని ఎడమవైపు చెట్లలోకి కొట్టి, ముందుకు దారి లేక, పక్కనే ఉన్న అప్పర్ కోర్సు 18వ హోల్ ఫెయిర్‌వే మీదికి బంతిని తప్పించి, అక్కడి నుంచి లోయర్ గ్రీన్ వైపు తిప్పి, ఒక్క స్ట్రోకు తేడాతో గెలిచాడు.

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన మామరోనెక్‌లో ఉన్న వింగ్డ్ ఫుట్ క్లబ్బు కథ దీనికి దగ్గరగా ఉంటూనే ఇంకో కోణాన్ని చూపుతుంది. న్యూయార్క్ అథ్లెటిక్ క్లబ్బు సభ్యులు కొందరు 1921లో దీన్ని స్థాపించి ఆ క్లబ్బు చిహ్నమైన రెక్కల పాదాన్నే పేరుగా పెట్టుకున్నారు. 1923లో ఈస్ట్, వెస్ట్ కోర్సులు రెండూ టిల్లింగ్‌హాస్ట్ రూపకల్పనలోనే తెరుచుకున్నాయి. 1929లో బాబీ జోన్స్ చివరి గ్రీన్ మీద సుమారు 12 అడుగుల దూరం నుంచి బంతిని గుంతలో వేసి ఫలితాన్ని సమం చేసి, మరునాటి ప్లేఆఫ్‌లో ఏకంగా 23 స్ట్రోకుల తేడాతో గెలిచిన నాటి నుంచి 2020 వరకు ఇక్కడ జరిగిన ఆరు యూఎస్ ఓపెన్‌లూ వెస్ట్ కోర్సు మీదే జరిగాయి. 1974లో గ్రీన్‌లు ఎంత కఠినంగా ఉన్నాయంటే ‘పార్’ను, అనగా నిపుణుడికి నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్యను, ఏడు స్ట్రోకులు మించిపోయిన హేల్ ఇర్విన్‌ విజేత అయ్యాడు.

ఈస్ట్ కోర్సు చరిత్ర మరో వరుసలో నడిచింది: 1957, 1972 సంవత్సరాల్లో మహిళల యూఎస్ ఓపెన్, 1980లో మొట్టమొదటి సీనియర్ల యూఎస్ ఓపెన్. 1957 నాటి పోటీలో హవాయికి చెందిన జాకీ పంగ్ 298 స్ట్రోకులతో బెట్సీ రాల్స్ కంటే ఒకటి తక్కువలో ముగించింది. గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడి స్కోరునూ తోటి ఆటగాడు రాస్తాడు, ఆటగాడు దాన్ని సరిచూసి సంతకం చేస్తాడు. పంగ్ కార్డులో నాలుగో హోల్‌కు ఆరు బదులు అయిదు పడింది. మొత్తం సరిగానే ఉన్నా, ఒక హోల్ స్కోరు తప్పుగా ఉన్న కార్డు మీద సంతకం చేసినందుకు ఆమెను పోటీ నుంచి తొలగించి రాల్స్‌ను విజేతగా ప్రకటించారు. క్లబ్బు సభ్యులు అక్కడికక్కడే చందాలు పోగుచేసి పంగ్‌కు సుమారు 3,000 డాలర్లు అందజేశారు. విజేత బహుమతి 1,800 డాలర్లే. వెస్ట్ కోర్సు ఘట్టాలు గోల్ఫ్ గ్రంథాల్లో పదేపదే కనిపిస్తుండగా, వాటిలో దేనికీ తీసిపోని ఈ ఘట్టం ఈస్ట్ కోర్సు ప్రతిష్ఠకు అంతగా కలిసిరాకపోవడానికి అది మహిళల పోటీ కావడమే కారణమనుకోవడంలో పొరపాటు లేదు.

మహిళలకు రెండో స్థానం అన్న ఆలోచన కొన్ని క్లబ్బుల నిర్మాణ ప్రణాళికలోనే ఉండేది, షికాగో శివార్లలోని మెడీనా క్లబ్బులో అది తలకిందులైంది. ఫ్రీమేసన్ల అనుబంధ సోదర సంఘమైన ష్రైనర్లు 1924లో దీన్ని స్థాపించి, తమ సంఘానికి ఇష్టమైన తూర్పు దేశాల శైలిలో గుమ్మటంతో కూడిన క్లబ్ హౌస్ కట్టుకుని, మైదానం మధ్యనున్న చెరువుకు ప్రవక్త మహమ్మద్ భార్య ఖదీజా పేరు పెట్టుకున్నారు. టామ్ బెండెలో వేసిన మూడు కోర్సుల్లో 1928లో తెరుచుకున్న మూడోది మొదట మహిళలకని ఉద్దేశించినది. 1930లో అక్కడ జరిగిన పోటీలో హ్యారీ కూపర్ ఒక రౌండును 63 స్ట్రోకుల్లో ముగించడంతో కోర్సు మరీ తేలికైందని భావించిన సభ్యులు దాన్ని పొడిగించి కఠినంగా మార్పించారు. 1949, 1975, 1990 యూఎస్ ఓపెన్‌లు, 1999, 2006లలో టైగర్ వుడ్స్ గెలిచిన పీజీఏ చాంపియన్‌షిప్‌లు, 2012లో చివరి రోజున యూరప్ జట్టు అమెరికా చేతిలోంచి లాగేసుకున్న రైడర్ కప్ అన్నీ ఆ మూడో కోర్సువే. మహిళలకని వేసిన కోర్సు పేరుప్రతిష్ఠల్లో మొదటిదైంది గాని, ఆ మార్పులో మహిళల ప్రమేయం లేదు.

అదే నగరానికి దక్షిణాన ఉన్న ఒలింపియా ఫీల్డ్స్ ఈ విస్తరణకు పరాకాష్ఠ. 1915లో స్థాపితమైన ఆ క్లబ్బుకు 1920ల నాటికి నాలుగు కోర్సులు, అంటే 72 హోల్స్ ఉండేవి; నగరం నుంచి రైలు దిగిన సభ్యులు ఎత్తయిన గడియారపు గోపురం ఉన్న క్లబ్ హౌస్‌లోకి నడిచి వచ్చేవారు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం, దాని వెంట వచ్చిన యుద్ధం సభ్యత్వాలను కరిగించేశాక 1940లలో క్లబ్బు తన నేలలో దాదాపు సగాన్ని ఇళ్ల నిర్మాణానికి అమ్ముకుంది. కరువు కాలంలో గాదె తెరిచినట్టు ఆ అదనపు కోర్సులు క్లబ్బును నిలబెట్టాయి. విల్లీ పార్క్ జూనియర్ వేసిన నాలుగో కోర్సు నార్త్ పేరుతో బతికి బయటపడగా, మిగిలిన హోల్స్‌ను కలిపి సౌత్ కోర్సును కూర్చారు. 1928లో బాబీ జోన్స్‌ను ప్లేఆఫ్‌లో జానీ ఫారెల్ ఓడించిన ఆ నాలుగో కోర్సు మీదనే 2003లో జిమ్ ఫ్యూరిక్ యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఏ కోర్సును అమ్మాలో నిర్ణయించాల్సి వచ్చినప్పుడు చాంపియన్‌షిప్ జరిగిన కోర్సుకే రక్షణ దొరుకుతుంది. రెండో కోర్సుకు పేరు లేకపోవడంలోని అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇంగ్లండ్‌లో పరిస్థితి కొంత భిన్నం. లండన్‌కు నైరుతి దిక్కున, కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కళాశాలకు చెందిన పొదల బీడు మీద విల్లీ పార్క్ జూనియర్ వేసిన సన్నింగ్‌డేల్ ఓల్డ్ కోర్సు 1901లో ఆరంభమైంది. ఆ క్లబ్బు తొలి కార్యదర్శిగా ఉండి తరువాత రూపశిల్పిగా పేరొందిన హ్యారీ కోల్ట్ వేసిన న్యూ కోర్సు 1923లో చేరింది. 1926లో బ్రిటిష్ ఓపెన్ అర్హత పోటీలో బాబీ జోన్స్ గ్రీన్‌ల మీద 33, మిగతా నేల మీద 33 చొప్పున 66 స్ట్రోకులతో ముగించిన రౌండు వల్ల ఓల్డ్‌కు కీర్తి దక్కినా, న్యూ కోర్సే మెరుగైన పరీక్ష అనేవారికి నేటికీ కొదవ లేదు. బెర్క్‌షైర్ క్లబ్బులో హెర్బర్ట్ ఫౌలర్ 1928లో వేసిన రెడ్, బ్లూ కోర్సుల మధ్య కూడా ఇలాంటి తర్కమే నడుస్తుంటుంది. రెడ్‌లో పార్ మూడు, నాలుగు, అయిదు హోల్స్ ఆరేసి చొప్పున ఉండటం దాని విశేషం. అతిపెద్ద చాంపియన్‌షిప్‌లు సముద్రతీరపు కోర్సులకే వెళ్లే దేశంలో లోపలి క్లబ్బుల జంట కోర్సుల మధ్య తారతమ్యాన్ని తేల్చే బయటి తీర్పరి లేకపోవడమే ఈ సమానత్వానికి ఆధారం. మన దేశంలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకు 18 హోల్స్ లోధీ కోర్సు పక్కన 9 హోల్స్ పీకాక్ కోర్సు ఉంది గాని, పరిమాణంలోనే తేడా ఉన్నచోట ఈ పోలిక రాదు.

రెంటినీ కలిపి మూడోదాన్ని సృష్టించిన ఘనత ఆస్ట్రేలియాది. రాయల్ మెల్‌బోర్న్ క్లబ్బు కోసం 1926లో వచ్చిన అలిస్టర్ మెకెంజీ గీసిన వెస్ట్ కోర్సు 1931లోను, అతడి సహచరుడైన ఆస్ట్రేలియన్ ఆటగాడు అలెక్స్ రసెల్ వేసిన ఈస్ట్ కోర్సు 1932లోను పూర్తయ్యాయి. 1959లో కెనడా కప్ పోటీకి వేలాది ప్రేక్షకులు వస్తారని తెలిసి, వారు ప్రజల రోడ్లు దాటే అవసరం లేకుండా వెస్ట్‌లో 12, ఈస్ట్‌లో 6 హోల్స్‌ను ఎంచి ఒక్క కోర్సుగా కలిపారు. రాకపోకల ఇబ్బంది నుంచి పుట్టిన ఈ మిశ్రమ కోర్సు ప్రపంచంలోని అత్యుత్తమ కోర్సుల సరసన లెక్కకు రావడం చరిత్రలోని ఒక చమత్కారం.

ఇటీవలి దశకాల్లో పోటీలు పెరిగిన కొద్దీ రెండో కోర్సు పని మళ్లీ మారింది. యూఎస్ అమెచ్యూర్ పోటీలో 312 మంది రెండు రోజుల్లో అర్హత రౌండ్లు ముగించాలి గనుక రెండు కోర్సులు తప్పనిసరి. 2004లో వింగ్డ్ ఫుట్ ఈస్ట్, వెస్ట్‌లు రెండూ అందుకు ఉపయోగపడ్డాయి. 2013లో అమెరికాలోని మెరియన్ క్లబ్బు ఇరుకైన ఈస్ట్ కోర్సు మీద యూఎస్ ఓపెన్ జరిగినప్పుడు, 1914 నాటి వెస్ట్ కోర్సు ఆటగాళ్ల సాధన మైదానంగా మారి, వారిని అక్కడి నుంచి వాహనాల్లో ఈస్ట్‌కు చేర్చేవారు.  మెడీనా మూడో కోర్సును, 2006లో వింగ్డ్ ఫుట్‌లో యూఎస్ ఓపెన్ గెలిచిన జెఫ్ ఓగిల్వీ భాగస్వామిగా ఉన్న సంస్థ తిరగరాసి 2024లో మళ్లీ తెరిచింది. ఆ పనులు సాగినన్నాళ్లూ క్లబ్బు ఆట అంతా ఒకటో, రెండో కోర్సుల మీదే నడిచింది.