కూడవెల్లి సంగమేశ్వరుని స్థానచలనము

ఆలంపురమునకు వచ్చి బాలబ్రహ్మేశ్వరుని, జోగులాంబను సేవించిన యాత్రికుడు, ఎత్తైన జగతిపై నిలిచియున్న సంగమేశ్వరాలయమును చూచినపుడు, నవబ్రహ్మాలయములవలెనే ఇదియు తొలినుండి ఇచ్చటనే వెలసినదని తలచుట సహజము. కాని ఆ గుడి పుట్టినచోటు కూడవెల్లి. సుమారు 20 కిలోమీటర్ల దూరమున, కృష్ణయు తుంగభద్రయు కలియుచోట, బాదామి చాళుక్యుల నాడు అది నిర్మింపబడినది.

1963లో నెహ్రూ శ్రీశైలప్రాజెక్టునకు శంకుస్థాపన చేయుటతో, ఎగువనున్న కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల తీరగ్రామములకును, వాని గుళ్లకును ముంపు తప్పనిదయ్యెను. ఆలంపురచరిత్రకు జీవితమును ధారవోసిన గడియారం రామకృష్ణశర్మ వంటివారు ఈ ఆలయముల రక్షణకై పాటుపడిరి. నవబ్రహ్మాలయములను కదల్పక, నదివైపున అడ్డుకట్ట వేసి కాపాడిరి. కూడవెల్లి గుడిని, ఇరువదికి పైగానున్న పాపనాశి గుళ్లను విప్పి, ఎత్తుచోట్ల తిరిగి కట్టిరి. సోమశిల గుళ్లకును, కర్నూలు జగన్నాథగట్టు చేరిన రూపాల సంగమేశ్వరునకును ఇదే గతి పట్టినది.

ఇట్టి పనిలో విప్పుటకంటె ముందుగా జరుగవలసినదే పెద్దపని. కట్టడమును నలుదిక్కుల కొలిచి పటములు వ్రాసి, ఛాయాచిత్రములు తీసి, ప్రతిరాతికిని వరుసను, స్థానమును తెలుపు సంఖ్య వేయుదురు. పిదప శిఖరాగ్రముననున్న ఆమలకముతో మొదలిడి, వరుసవెంట వరుసగా అధిష్ఠానమువరకు దింపి, క్రొత్తచోట గట్టిపునాది వేసి, చివర దింపిన రాతిని ముందుగా నిలుపుచు పైకి పోవుదురు. 1964 నుండి 1968 వరకు ఈజిప్టున అబూసింబెల్ ఆలయములను తరలించినవారు కొండనే రంపములతో కోయవలసివచ్చినది. మన చాళుక్యశిల్పి రాతిపై రాతిని బరువుతోనే నిలుచునట్లు పేర్చియుండుటచే, విడదీయవలసిన అతుకులను అతడే చూపియుంచినాడని చెప్పవచ్చును. ఆ పేర్పునకు చేతులెత్తి మ్రొక్కవలెననిపించును.

అనేకయంత్రములలో పంచి దాచిన సమాచారనిధిని పాతపద్ధతినుండి క్రొత్తదానికి మార్చు నేటివారును ఇట్లే క్రమము తప్పక, ఒక్కొక్క యంత్రముగా, ముందునకు సాగుదురు. అయినను వారు ముందే ప్రతులు తీసి యుంచుకొందురు. నడుమ పొరపాటు జరిగిన వెనుకకు మరలగలరు. స్థపతికి ఆ వెసులుబాటు లేదు. జారిపడి పగిలిన చెక్కడమునకు రెండవప్రతి ఎచ్చటను దొరకదు. రాతిపై వేసిన సంఖ్య చెరిగిపోయిన, ఆ రాయి ఏ గోడదో, ఏ వరుసదో చెప్పగలది ఆ పటమొక్కటే. ఆలయమనగా రాళ్లు కావు, రాళ్ల వరుసయే అని నాకు తోచుట ఈ గుడిముందు నిలిచినపుడే.

వరుస వచ్చినది, నదులు రాలేదు. రెండు నదులు కలియుచోట వెలసినందున సంగమేశ్వరుడను పేరు పొందిన స్వామి, ఆ సంగమమునకు దూరముగా ఆలంపురమున పూజలందుకొనుచున్నాడు. దిగువను, ముచ్చుమర్రి దాపున, కదల్పబడని సప్తనదీ సంగమేశ్వరాలయము మాత్రము ఏటేట జలాశయమున మునిగి, వేసవిలో నీరు తీసినపుడు బయటపడును. అర్చకుడు ఒండ్రు కడిగి, మరల దీపము వెలిగించును.