నిన్నటివాళ్ళు చూసిన రేపు

ప్రతి యుగమూ తన భవిష్యత్తును తన అవసరాల్లోంచే వూహించుకుంటుంది. అందుచేత పాతబడిపోయిన భవిష్యత్తు చరిత్రకారుడికి మంచి సాక్ష్యం. పిల్లల బొమ్మకథలు గదా అని తోసిపుచ్చే పండితులు యీ సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

2003లో ఇంగ్లండులో ‘స్పేస్‌షిప్ అవే’ అనే పత్రిక వెలువడింది. ఏటా మూడు సంచికలు. ‘జర్నీ ఇన్‌టు స్పేస్’, ‘గార్త్’ వంటి వెనకటి శాస్త్ర కల్పనా బొమ్మకథల్ని అది తిరిగి అచ్చువేసింది. డాన్ డేర్ అనే పాత కథానాయకుడికి కొత్త కథలు కల్పించింది. పూనుకున్నవారు ఆ కథల అభిమానులు. ఐతే యిది వట్టి బాల్యస్మృతుల వేడుకేనా?

డాన్ డేర్ పుట్టుక చూద్దాం. 1950 ఏప్రిల్ 14న ‘ఈగిల్’ వారపత్రిక మొదటి పేజీలో, రంగుల్లో, అతడు కనిపించాడు. సంపాదకుడు మార్కస్ మోరిస్ క్రైస్తవ మతాచార్యుడు. చిత్రకారుడు ఫ్రాంక్ హాంప్సన్ యుద్ధకాలంలో సైనికుడుగా ఆంట్‌వెర్ప్‌లో వుండి జర్మన్ల వి-2 రాకెట్లను చూసినవాడు. నగరాలమీద పడిన ఆ మారణాయుధమే అతని కుంచెలో గ్రహాంతరయాత్రకు వాహనమైంది.

మొదటి కథ 1996 నాటిది. భూమిమీద తిండి చాలదు. ఆహారం కోసం శుక్రగ్రహానికి వెళ్ళాలి. కథ వెలువడేనాటికి బ్రిటనులో రేషను నడుస్తూనే వుంది. 1954 దాకా అది పూర్తిగా తొలగలేదు. అంటే 1996 పేరుతో హాంప్సన్ చూపింది 1950 నాటి వంటింటినే. శుక్రగ్రహపు ఉత్తరార్ధాన్ని ఏలిన మెకాన్ లో అప్పుడే కూలిన నియంతల నీడ వుంది. యాత్రలో ప్రొఫెసర్ పీబాడీ అనే స్త్రీ శాస్త్రజ్ఞురాలికి చోటిచ్చాడు. అది ఆ కథలోని ముందుచూపు. కాని ప్రపంచమంతా ఒకే ప్రభుత్వం కిందికి వచ్చాక కూడా అంతరిక్ష దళానికి స్థావరం ఇంగ్లండులోనే, నాయకుడూ ఆంగ్లేయుడే. 1947లో ఇండియాను వదిలిన సామ్రాజ్యం మూడేళ్ళు తిరక్కుండానే ఆకాశంలో చోటు వెతుక్కుంది!

ఇక శ్రమ సంగతి. ఆ బొమ్మలు ఒక్క చేతి పని కాదు. సహాయకులు భంగిమలు పట్టి నిలబడేవారు, ఛాయాచిత్రాలు తీసేవారు, నౌకల నమూనాలు చేసేవారు. హక్కులు మాత్రం ప్రచురణకర్తలవే. 1959లో హాంప్సన్ తాను సృష్టించిన కథకే దూరమయ్యాడు. 1975లో ఇటలీలోని లుక్కాలో గొప్ప సన్మానం పొందేనాటికి అతడు ఒక సాంకేతిక కళాశాలలో చిన్న వుద్యోగి. 1985లో మరణించాడు.

ఆనాటి సహాయకుల్లో ఒకడైన డాన్ హార్లీ చేత ‘స్పేస్‌షిప్ అవే’ మళ్ళీ డాన్ డేర్ బొమ్మలు గీయించింది. యీ పని విలువ యిక్కడుంది. పాత బొమ్మను మాత్రమే అచ్చువేస్తే అది పాత సరుకు అమ్మకం. దాని వెనకనున్న ఆకలినీ, అహంకారాన్నీ, గీసిన చేతుల్నీ కలిపి చూపినప్పుడే అది చరిత్ర అవుతుంది.