విదేశీయుల అరెస్టులో బలప్రయోగ పరిమితులు

వలస చట్టాలను ఉల్లంఘించిన విదేశీయులను పట్టుకునేటప్పుడు అధికారులు వాడగల బలానికి భారత చట్టాలు విధించిన హద్దులివి. ఇవన్నీ ఒకే శాసనంలో లేవు.

1946 నాటి విదేశీయుల చట్టం 11వ సెక్షన్, ఉత్తర్వుల అమలుకు తగినంత బలం వాడవచ్చని చెబుతూ, ఆ ‘తగినంత’ ఎంతో తేల్చడాన్ని అధికారి అభిప్రాయానికే వదిలేసింది. దాని స్థానంలో వచ్చిన వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. ఈ కొత్త చట్టం కింద హెడ్ కానిస్టేబుల్, ఆపై స్థాయి పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు.

అసలు కట్టడి సాధారణ నేర ప్రక్రియలో ఉంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం, మాటతోనో చేతతోనో లొంగిపోయిన వ్యక్తి ఒంటిపై చేయి వేయనక్కర్లేదు. మహిళను సాధారణంగా మహిళా పోలీసే తాకాలి. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరారోపణ లేనివారి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు. వీసా గడువు మీరితే గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలే కాబట్టి, ఆ హక్కు ఇక్కడ వర్తించదు. ఇదే సెక్షన్‌లో ఉన్న, బేడీలు వేయదగిన నేరాల జాబితాలోనూ అది లేదు. పారిపోకుండా ఆపడానికి మించిన నిర్బంధాన్ని అదే సంహిత 46వ సెక్షన్ నిషేధిస్తుంది.

ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం విదేశీయులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లో చంద్రిమా దాస్ కేసులో స్పష్టం చేసింది.