ఏ జవాబు ఏ ప్రశ్నది? ప్రాక్సీల్లో అసలు చిక్కు

బ్యాంకులో వేలిముద్ర పెడితే వచ్చే ‘అవును’ లేదా ‘కాదు’ ఆ మనిషి గురించేనని ఎలా తెలుస్తుంది? ఆధార్ ధ్రువీకరణ అభ్యర్థన నేరుగా యూఐడీఏఐకి చేరదు. అడిగిన సంస్థ (ఏయూఏ) సర్వర్ నుంచి ఏఎస్‌ఏ అనే మధ్యవర్తి మీదుగా కేంద్ర భాండాగారానికి వెళ్తుంది. యూఐడీఏఐ ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలో ఉంది, డేటా సెంటర్లలో ఒకటి ఎన్‌సీఆర్‌లోని మానేసర్‌లో ఉంది.

ఈ ప్రయాణానికి ఆనవాలు ‘టీఎక్స్‌ఎన్’ అనే గడి. ఏయూఏ అందులో రాసిన గుర్తును సర్వర్ అక్షరం మార్చకుండా జవాబులో తిప్పి పంపుతుంది. మధ్యలో ఎన్ని యంత్రాలున్నా జత తప్పదు.

హెచ్‌టీటీపీలో మాత్రం ఇలాంటి గడి లేదు. హెచ్‌టీటీపీ 1.1లో ఆధారమంతా వరుసే: ఒక కనెక్షన్‌లో ముందు వెళ్లిన రిక్వెస్టుకే ముందు రెస్పాన్స్. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2 ప్రతి జతకూ స్ట్రీమ్ నంబరు ఇచ్చింది. కానీ ఆ నంబరు ఒక్క కనెక్షన్ వరకే చెల్లుతుంది. ప్రాక్సీ దాటితే వేరే నంబరు.

అందుకే ప్రాక్సీ లైబ్రరీలు ఈ లెక్కను తమ దగ్గరే పెట్టుకుంటాయి. పైథాన్‌లోని మిట్మ్‌ప్రాక్సీ రిక్వెస్టునూ రెస్పాన్స్‌నూ ‘ఫ్లో’ అనే ఒకే వస్తువులో ఉంచుతుంది. గో భాషలోని గోప్రాక్సీ రెండు దశల్లోనూ ఒకే కాంటెక్స్ట్‌ను అందిస్తుంది. అందులో సెషన్ నంబరుతో పాటు, ప్రోగ్రామర్ సొంత సమాచారం దాచుకునే చోటూ ఉంది. ఇవి ఉండగా యూఆర్‌ఎల్‌ను తాళంచెవిగా పెట్టి సొంత పట్టిక రాసుకోవడం కోరి తెచ్చుకునే తంటా. ఒకే చిరునామాకు ఇద్దరు ఒకేసారి వస్తే పట్టికలో రెండో వారు మొదటివారిని చెరిపేస్తారు.

అసలు ప్రమాదం రిక్వెస్టు మధ్యలో రద్దయినప్పుడు. అడిగినవారు వెళ్లిపోయినా జవాబు దారిలోనే ఉంటుంది. ఆ కనెక్షన్‌ను మళ్లీ వాడితే పాత జవాబు కొత్తవారి చేతిలో పడుతుంది. 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో కొందరికి ఇతరుల సంభాషణల శీర్షికలు కనిపించింది ఇలాగే. అక్కడ తప్పు హెచ్‌టీటీపీ ప్రాక్సీలో కాదు, రెడిస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీలో. జబ్బు మాత్రం ఒకటే. ఒక తొమ్మిది గంటల వ్యవధిలో చురుగ్గా ఉన్న ప్లస్ చందాదారుల్లో 1.2 శాతం మంది చెల్లింపు వివరాలు ఇతరులకు కనిపించి ఉండొచ్చని ఓపెన్‌ఏఐ ప్రకటించింది.

హెచ్‌టీటీపీ 1.1 కనెక్షన్ విషయంలో మందు సులువే: జవాబు పూర్తిగా చదవని కనెక్షన్‌ను మళ్లీ వాడకుండా మూసేయాలి. కొత్తది తెరవడానికి కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ పట్టినా సరే.