ప్యాకెట్ మీద 'నేచురల్ ఫ్లేవర్' అంటే ఏమిటి? పచ్చ గుర్తు ఎంతవరకు చెబుతుంది?

ఉదయగిరి బజారులో అయినా, ఆత్మకూరు బస్టాండు దగ్గర అయినా అంగళ్ల ముందు వేలాడే చిప్స్, బిస్కెట్, నూడుల్స్ ప్యాకెట్లు దాదాపు ఒకటే. ఏ.ఎస్.పేట దర్గాకు జియారత్‌కి వచ్చే కుటుంబాలు బిడ్డల చేతికి కొనిచ్చేవీ ఇవే. ఆ ప్యాకెట్ వెనక, సన్న అక్షరాల్లో, పదార్థాల జాబితా చివర తరచుగా ఒక మాట కనిపిస్తుంది: 'కంటెయిన్స్ యాడెడ్ ఫ్లేవర్ - నేచురల్ ఫ్లేవరింగ్ సబ్‌స్టెన్సెస్'.

ఆ మాట వెనక ఉన్నది నిమ్మ తొక్కా, మాంసం రసమా? ఫ్లేవర్‌ని కరిగించింది నూనెలోనా, ఆల్కహాల్‌లోనా? ముస్లిం ఇళ్లలో ఇది హలాల్ ప్రశ్న. శాకాహారం తినే పక్కింటి వాళ్లదీ ఇదే ప్రశ్న. బిడ్డకు వేరుశనగో, పాలో పడని తల్లికైతే ఇది ఆరోగ్యం సంగతి. పైగా నిబంధనల ప్రకారం లేబుల్ ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు కంపెనీ ఇష్టం. అందుకే లేబుల్ మీద కనిపించే ఇంగ్లీషు మాటలకు అర్థం తెలిసి ఉండాలి.

చట్టం చెప్పే మూడు రకాలు

మన దేశంలో ప్యాక్ చేసిన ఆహారానికి నిబంధనలు పెట్టేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఇది ఏర్పడింది. 2011 నాటి నిబంధనలు ఫ్లేవర్లను మూడు రకాలుగా చూపించాయి.

1. నేచురల్: మొక్కల నుంచి, కొన్నిసార్లు జంతువుల నుంచి, కేవలం భౌతిక పద్ధతుల్లో తీసినవి. పిండడం, ఆవిరి పట్టడం లాంటివి. పొదలకూరు, గూడూరు మార్కెట్లకు వచ్చే నిమ్మకాయ తొక్కను పిండితే వచ్చే నూనె ఈ కోవలోదే. బిర్యానీలో చల్లే కేవడా నీళ్లు మొగలి పూలను ఆవిరి పట్టి తీస్తే అదీ ఇంతే. ఒడిశాలోని గంజాం జిల్లా దానికి పేరుపడింది.

2. నేచర్ ఐడెంటికల్: ప్రకృతిలో ఉన్న పదార్థమే, కానీ ఫ్యాక్టరీలో రసాయన పద్ధతిలో తయారైంది. వెనీలా కాయలో ఉండే వెనిలిన్‌ని కాయ లేకుండానే తయారు చేయడం దీనికి మంచి ఉదాహరణ.

3. ఆర్టిఫిషియల్: మనిషి తినే సహజ పదార్థాల్లో ఇంతవరకు కనబడనివి. ఇథైల్ వెనిలిన్ అలాంటిది. వాసనలో వెనిలిన్ కంటే ఘాటు.

చాలామంది పొరబడేది మొదటి రకం దగ్గరే. 'నేచురల్' అంటే మొక్కల నుంచి వచ్చిందే అనుకుంటారు. నిర్వచనంలోనే 'కొన్నిసార్లు జంతువుల నుంచి' అని ఉంది. అమెరికా నిబంధన ఇంకా విడమరిచి చెబుతుంది: పండ్లు, ఆకులు, వేర్లతో పాటు మాంసం, చేపలు, కోడి, గుడ్లు, పాల నుంచి తీసిన ఫ్లేవర్ కూడా అక్కడ నేచురల్ కిందికే వస్తుంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే చాక్లెట్లు, చిప్స్ విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ అమ్మే సరుకు మీద మన పచ్చ గుర్తు ఉండాలన్న నియమం లేదు.

పేరు ఎందుకు రాయరు?

ఆర్టిఫిషియల్ ఫ్లేవర్ వాడితే దాని మామూలు పేరు రాయాలి. నేచురల్, నేచర్ ఐడెంటికల్ అయితే ఏ రకమో చెబితే చాలు, ఒక్కో పదార్థం పేరూ రాయనక్కర్లేదు. ఒక ఫ్లేవర్‌లో పదుల కొద్దీ పదార్థాలు కలిసి ఉండొచ్చు, ఆ కలయికను కంపెనీలు వ్యాపార రహస్యంగా చూసుకుంటాయి. అంగడి లెక్కల పుస్తకంలో 'ఇతర ఖర్చులు' అని ఒక్క పద్దు రాసినట్టే ఇది. మొత్తం తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు.

పచ్చ గుర్తు చెప్పేది

ఈ పద్దు లోపలికి కొంత తొంగిచూసే దారి పచ్చ గుర్తు. పచ్చ చదరంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం మాంసాహారానికి గోధుమ రంగు చదరంలో అదే రంగు త్రిభుజం. జంతువు, పక్షి, చేప, పురుగు, గుడ్డు, వీటిలో దేని నుంచి వచ్చిన పదార్థం కలిసినా అది మాంసాహారమే. పాలు, తేనె, తేనె మైనం, లక్క లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు ఉంది.

ఫ్లేవర్ చిటికెడే కదా, లెక్కలోకి రాదు అనడానికి లేదు. 2021 డిసెంబరు 9న ఢిల్లీ హైకోర్టు రామ్ గౌ రక్షా దళ్ వేసిన కేసులో ఇదే చెప్పింది. ఎంత తక్కువ వాడినా సరే, కోడ్ నంబరు ఒక్కటే కాకుండా ఆ పదార్థం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ల్యాబ్‌లో తయారైందా అన్నది కూడా వెల్లడించాలని ఆదేశించింది.

ఆ తీర్పులో ప్రస్తావనకు వచ్చిన కోడ్‌లలో ఐఎన్‌ఎస్ 631 ఒకటి. వాట్సాప్‌లో 'ఇది పంది కొవ్వు' అని తిరిగే నంబరు కూడా ఇదే. నిజానికి అది కొవ్వు కాదు, రుచిని పెంచే డైసోడియం ఇనోసినేట్ అనే పదార్థం. మాంసం, చేపల నుంచి తీయొచ్చు, పిండి పదార్థాలను పులియబెట్టీ తీయొచ్చు. నంబరును బట్టి మూలం తెలియదు. పచ్చ గుర్తు ఉన్న ప్యాకెట్‌లో 631 కనిపిస్తే, అది జంతువు నుంచి రాలేదని కంపెనీ చట్టం ముందు ఒప్పుకున్నట్టే. ఆ మాట అబద్ధమైతే కంపెనీ మీద చర్య తీసుకోవచ్చు.

పచ్చ గుర్తు చెప్పనిది

అసలు చిక్కు ఇక్కడుంది. ఫ్లేవర్ నూనెలు నీళ్లలో సరిగా కలవవు. వాటిని కరిగించడానికి ఇథనాల్, ప్రొపిలిన్ గ్లైకాల్, ట్రైఅసిటిన్, వంట నూనె లాంటివి వాడతారు. ఇథనాల్ అంటే ఆల్కహాలే. అది చెరకు నుంచో, ధాన్యం నుంచో వస్తుంది కాబట్టి చట్టం దృష్టిలో శాకాహారమే, పచ్చ గుర్తుకు అడ్డం కాదు. పైగా తుది సరుకులో పని చేయనంత తక్కువగా మిగిలే ఇలాంటి పదార్థాలను లేబుల్‌లో రాయాలన్న నియమం లేదు. అంటే పచ్చ గుర్తు హలాల్ గుర్తు కాదు. జంతువు సంగతి వరకే దాని జవాబు.

ఈ కొద్దిపాటి ఆల్కహాల్ మీద ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ద్రాక్ష, ఖర్జూరాల నుంచి తీసిన దాన్నీ, వేరే వాటి నుంచి తీసిన దాన్నీ హనఫీ ఫిఖహ్‌లో వేరుగా చూసేవారున్నారు. ఏ రూపంలోనూ వద్దనేవారూ ఉన్నారు. ఎవరి నిర్ణయం వాళ్లు తమ మసీదు ఆలింని అడిగి తీసుకోవాల్సిందే. కానీ ఆలిం జవాబు చెప్పాలన్నా ముందు అందులో ఏముందో తెలియాలి.

దేశంలో అమ్మే సరుకుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే హలాల్ గుర్తు లేదు. ఉన్నవి ప్రైవేటు సంస్థల సర్టిఫికెట్లు, అవి తీసుకోవడం కంపెనీ ఇష్టం. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల అమ్మకాన్ని నిషేధించినా, ఆ ఉత్తర్వు ఆ రాష్ట్రం వరకే.

అంగడిలో చూడాల్సినవి

* ముందు రంగు గుర్తు చూడాలి. పచ్చ చుక్కా, గోధుమ త్రిభుజమా?
* పదార్థాల జాబితా ఎక్కువ బరువు నుంచి తక్కువ బరువుకు ఉంటుంది. ఫ్లేవర్ మాట చివర్లో వెతకాలి.
* ముందు వైపు మామిడి బొమ్మ ఉంటే వెనక మామిడి గుజ్జు ఎంత శాతమో చూడాలి. బొమ్మతో చెప్పుకున్న పదార్థం శాతం రాయడం తప్పనిసరి.
* ఎలర్జీ ఉన్నవాళ్లు 'కంటెయిన్స్' అని విడిగా ఇచ్చే వరుస చదవాలి. గోధుమ, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, సోయా ఉంటే అక్కడ చెప్పాలి.
* 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేని ప్యాకెట్ కొనకపోవడం మేలు.
* బేకరీ కేకు, ఫలూదా, లూజు మిఠాయిలకు లేబుల్ ఉండదు. వాటిలో వాడిన ఎసెన్స్ సీసాకు మాత్రం ఉంటుంది. అది చూపించమని అడగొచ్చు.

అప్పటికీ అనుమానం తీరకపోతే ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్‌కి రాయాలి. రెండు ప్రశ్నలు చాలు: ఈ ఫ్లేవర్‌లో జంతువుల నుంచి తీసినదేమైనా ఉందా? ఫ్లేవర్‌ని కరిగించడానికి ఇథనాల్ వాడారా? బ్యాచ్ నంబరు రాసి ఈమెయిల్‌లో అడిగితే జవాబు రాతపూర్వకంగా చేతిలో ఉంటుంది. దాన్ని ఆలింకి చూపించొచ్చు, డాక్టరుకీ చూపించొచ్చు. తప్పుడు గుర్తు, తప్పుడు లేబుల్ అనిపిస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100కు గానీ, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేసేవాళ్లు ప్యాకెట్, బిల్లు పారేయకుండా ఉంచుకోవాలి.