కణం ఎలా చనిపోయిందో యంత్రానికి తెలుసా?

1960ల నాటికి రక్తకణాలను లెక్కపెట్టే యంత్రాలు వాడుకలోకి వచ్చేశాయి. వాలెస్ కూల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతి అది. ఉప్పునీటిలో కలిపిన కణాలు సన్నటి రంధ్రంలోంచి పోతుంటే, ఒక్కో కణం దాటినప్పుడల్లా విద్యుత్ నిరోధం కాస్త పెరుగుతుంది. ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి కణం ఎంత పెద్దదో చెప్పొచ్చు. అయితే ఎర్రకణాల గ్రాఫులో ఒక శిఖరం రావలసిన చోట రెండు కనిపించేవి. మరి మన రక్తంలో ఎర్రకణాలు రెండు రకాలా?

ఈ తగువు తేల్చడానికి అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో మాక్ ఫుల్‌వైలర్ ఒక కొత్త యంత్రం కట్టాడు. అప్పటికే స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ స్వీట్ సిరాను బొట్లుగా చిమ్మి, ఆ బొట్లకు విద్యుదావేశమిచ్చి, కాగితంపై కోరిన చోట పడేలా చేశాడు. ఫుల్‌వైలర్ సిరాకు బదులు కణాలున్న ద్రవాన్ని వాడాడు. 1965లో ఆ పద్ధతిని ప్రచురించాడు. ఒక శిఖరానికి చెందిన ఎర్రకణాలను విడదీసి మళ్ళీ కొలిస్తే, మళ్ళీ రెండు శిఖరాలే వచ్చాయి. ఉన్నది ఒకే రకం. రంధ్రంలోకి కణం ఏ వాటంలో దూరిందన్నదాన్ని బట్టి కొలత మారుతోందంతే.

కణాలను వేరుచేసే యంత్రం చేసిన తొలి పనుల్లోనే ఇంత పెద్ద పాఠం ఉంది: గ్రాఫులో కనిపించిందల్లా కణంలో ఉండాలని లేదు. కణ మరణం విషయంలో ఈ పాఠం మళ్ళీ నేర్చుకోవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ ఫుల్‌వైలర్ నమూనాను తెచ్చుకుని, దానికి కాంతిని జోడించాడు. రంగుతో మెరిసే కణాలను సూక్ష్మదర్శినిలో కళ్ళు కాయలు కాచేలా లెక్కపెట్టే పని 1969 నుంచి యంత్రానికి అప్పగించడం మొదలైంది. ఆ తర్వాత లేజర్ వచ్చింది. కణాలు బారులు తీరి లేజర్ ముందు ఒక్కొక్కటిగా సాగుతాయి. అవి చెదరగొట్టే కాంతి, వాటి రంగుల మెరుపు సెకనుకు వేల కణాల చొప్పున నమోదవుతాయి. ఫ్లో సైటోమెట్రీ అంటే ఇదే.

ఇంకో పక్క జాన్ కెర్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు ఎలుకల కాలేయాన్ని పరిశీలిస్తున్నాడు. కాలేయానికి వెళ్ళే సిరను ముడివేస్తే, కొంత భాగం మామూలుగానే కుళ్ళింది. మిగతా చోట మాత్రం అక్కడొకటి ఇక్కడొకటిగా కణాలు ముడుచుకుపోయి, తునకలై, పొరుగు కణాలకు ఆహారమవుతున్నాయి. వాపు లేదు, గందరగోళం లేదు. కెర్ స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌కు వెళ్ళి ఆండ్రూ వైలీ, అలస్టేర్ కరీలతో కలిసి 1972లో దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టాడు. కణం పద్ధతి ప్రకారం తనను తాను ముగించుకుంటుందన్న ఆలోచన చాలామందికి చాలాకాలం పాటు మింగుడుపడలేదు. 1980లో వైలీ అలా చనిపోయే కణాల్లో డీఎన్ఏ క్రమమైన ముక్కలుగా తెగుతోందని చూపాకే, కొలవదగ్గ గుర్తు ఒకటి చేతికి చిక్కింది.

దాన్ని సైటోమీటరుకు అందించినవారిలో ఇటలీలోని పెరుజియా పరిశోధకులు ముఖ్యులు. 1991లో ఇల్డో నికొలెట్టి బృందం థైమస్ కణాల డీఎన్ఏకు ప్రొపిడియం అయోడైడ్ అనే ఎర్రరంగు పట్టించింది. తెగిన ముక్కలు బయటికి జారిపోవడంతో చనిపోతున్న కణాలకు రంగు తక్కువ పట్టింది. గ్రాఫులో మామూలు కణాల శిఖరానికి ఎడమవైపు మరో శిఖరం లేచింది. చవకైన పద్ధతి, సులువైనది కూడా. కాకపోతే డీఎన్ఏ తెగేసరికి కథ దాదాపు ముగిసిపోతుంది.

చావు మొదలవుతుండగానే పట్టుకునే దారి రక్తం గడ్డకట్టడంపై పనిచేసేవారి దగ్గర దొరికింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇది. 1985లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో క్రిస్ రాయిటెలింగ్స్‌పెర్గర్ బృందం బొడ్డుతాడు రక్తనాళాల నుంచి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఒక ప్రోటీన్‌ను వేరుచేసింది. తర్వాత దానికి అనెక్సిన్ ఫైవ్ అన్న పేరు స్థిరపడింది. కాల్షియం ఉన్నప్పుడు అది ఫాస్ఫాటిడైల్‌సీరైన్ అనే కొవ్వును అంటుకుంటుంది. బతికున్న కణం ఆ కొవ్వును పొర లోపలి వైపే దాచుకుంటుంది. అపోప్టోసిస్ మొదలైన కణం దాన్ని బయటికి తిప్పుతుందని, కణాలను మింగే మాక్రోఫేజ్‌లు ఆ గుర్తు చూసే దాన్ని మింగుతాయని 1992లో వలేరీ ఫాడోక్ తోటివారితో కలిసి చూపింది. ఇక మిగిలింది అనెక్సిన్‌కు మెరిసే రంగు తగిలించడమే. 1994లో కూప్‌మన్, 1995లో వెర్మెస్ బృందాలు ఆ పని చేశాయి. అనెక్సిన్, ప్రొపిడియం రెండూ పట్టకపోతే కణం బతికున్నట్టు. అనెక్సిన్ ఒక్కటే పడితే అపోప్టోసిస్ మొదలైనట్టు. పొర చిరిగి ప్రొపిడియం కూడా లోపలికి వస్తే చనిపోయినట్టు.

ప్రపంచమంతా ఈ పరీక్షను అందిపుచ్చుకుంది. తప్పులేదు, అది మంచి పరీక్షే. కానీ రెండు రంగులూ పట్టిన కణం అపోప్టోసిస్ చివరికి వచ్చిందా, లేక మొదటినుంచీ పగిలిపోయే దారిలో ఉందా అన్నది ఆ గ్రాఫు చెప్పదు. పైగా కొత్త దారులు బయటపడ్డాయి. వాపును రేపే పైరోప్టోసిస్‌కు 2001లో పేరొచ్చింది. నెక్రోప్టోసిస్‌ను జున్‌యింగ్ యువాన్ బృందం 2005లో గుర్తించింది. ఇనుము వల్ల పొర కొవ్వులు ఆక్సీకరణ చెంది జరిగే ఫెర్రోప్టోసిస్‌ను 2012లో స్టాక్‌వెల్ బృందం వివరించింది. నెక్రోప్టోసిస్‌లోనూ పొర చిరగకముందే ఆ కొవ్వు బయటికి తిరగొచ్చని 2017లో తేలింది. అంటే అనెక్సిన్ ఒక్కటే పట్టిన కణమైనా అపోప్టోసిస్‌దే అనడానికి వీల్లేదు.

ఇది పేర్ల గొడవ కాదు. క్యాన్సర్ మందు కణాన్ని సద్దులేకుండా ముగిస్తోందా, పగలగొట్టి చుట్టూ వాపు రేపుతోందా అన్నదాన్ని బట్టి రోగి శరీరం స్పందించే తీరే మారుతుంది. అందుకే ఈ యంత్రం ముందు కూర్చునే విద్యార్థులను నేను కోరేది ఇదే: ఒకే గంటలో తీసిన ఒక్క గ్రాఫుతో తీర్పు రాయకండి. గంట గంటకూ నమూనా తీయండి. అపోప్టోసిస్‌ను నడిపే కాస్పేజ్ ఎంజైములను ఆపి చూడండి, నెక్రోప్టోసిస్‌ను అడ్డుకునే నెక్రోస్టాటిన్ వేసి చూడండి, ఫెర్రోప్టోసిస్ అనుమానముంటే కొవ్వుల ఆక్సీకరణను చూపే రంగు వాడండి. ఏ అడ్డు వేస్తే కణం బతికిందో చూశాకే, అది ఏ దారిన చనిపోతోందో రాయండి.