అయివారు మన గడప తొక్కిన రోజు

పసిబిడ్డ మొదటిసారి అమ్మను విడిచి బడికి పోయే రోజు మన సీమలో రెండు వందల ఏళ్ల కింద ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఒక కలెక్టరు నివేదిక చదవాలి. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరెవరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ లెక్కతో ఆగలేదు. బడి లోపల ఏం జరుగుతుందో కూడా 1823 ఆగస్టులో వివరంగా రాసి పంపాడు. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు. మా రాయదుర్గం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడే మేం అనంతపురంలో కలిశాం. అంటే ఆ నివేదికలో ఉన్నది మా ముత్తాతల చిన్నతనం.

బిడ్డకు ఐదో ఏడు రాగానే తల్లిదండ్రులు దగ్గర్లోని వీధిబడి అయివారినీ, ఆ బడిలోని పిల్లలనూ ఇంటికి పిలిచేవాళ్లట. అందరూ వినాయకుడి చుట్టూ గుండ్రంగా కూర్చునేవాళ్లు. బిడ్డను దేవుడికి ఎదురుగా కూర్చోబెట్టి, అయివారు పక్కన కూర్చుని, ధూపం వేసి, బుద్ధినిమ్మని బిడ్డచేత వేడుకోలు చెప్పించేవాడు. ఆ తర్వాత వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. ఇంటివాళ్లు తమకు తోచింది ఇచ్చి పంపేవాళ్లు. బిడ్డ బడికి పోయేది ఆ మర్నాడు పొద్దున.

ఆ ఒక్క రోజు తేడా ఎంత గొప్పదో నాకు ఉద్యోగంలో తెలిసింది. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైనదాన్ని. జూన్ వచ్చిందంటే కేంద్రాల ముందర తల్లి కొంగు పట్టుకుని వేలాడే పిల్లలను చూస్తూ ఏళ్లు గడిపాను. బిడ్డ భయపడేది చదువుకు కాదు, తెలియని మొహాలకు. వీధిబడి పద్ధతిలో ఆ మొహాలే ముందు బిడ్డ ఇంటికి వచ్చేవి. అమ్మ పక్కనే ఉండగా, తన ఇంటి నేల మీదే, అయివారి చేయి తన వేలిని పట్టుకునేది. వచ్చిన పిల్లలకు బొరుగులో, పప్పుబెల్లాలో పెట్టడం మన ఇళ్లలో నిన్నమొన్నటి దాకా ఉన్నదే. మర్నాడు ఆరు గంటలకు వీధి అరుగు మీదికి చేరేసరికి ఆ వరుసలో కూర్చున్నవాళ్లు తన ఇంట్లో పప్పుబెల్లాలు తిన్నవాళ్లే అయి ఉంటారు.

ఆ బడిని నేను నెత్తికెత్తుకోవడం లేదు. పొద్దున అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చేకొద్దీ ఒక్కొక్కటి ఎక్కువ. బద్ధకించిన పిల్లవాణ్ణి రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీయడం గురించి కూడా క్యాంప్‌బెల్ రాశాడు. మన పెద్దవాళ్లు కోదండం అని చెప్పేది అదే. ఐదేళ్ల బిడ్డ కళ్ల ముందర అది జరిగేదంటే ఈరోజుకీ నాకు కోపం వస్తుంది. పైగా జిల్లా మొత్తం మీద 533 బడుల్లో 6,641 మంది చదువుతుంటే అందులో ఆడపిల్లలు 60 మంది. ఊరి చివరి వాడల్లో ఎన్ని గడపలకు ఆ అయివారు వెళ్లి ఉంటాడు? ఆ 533లో ఒక్కదానికి కూడా సర్కారు పైసా ఇవ్వడం లేదని చెప్పడానికి సిగ్గుగా ఉందని కలెక్టరే రాసుకున్నాడు. ఇంగ్లాండు నుంచి వచ్చే నూలు గుడ్డలు నేతగాళ్ల పొట్ట కొట్టాయనీ, బడులు తగ్గడానికి ఆ పేదరికమే కారణమనీ కూడా చెప్పాడు.

తర్వాతి కాలంలో వీధిబడులు పోయి సర్కారు బడులు, రిజిస్టర్లు వచ్చాయి. దెబ్బల లెక్క పోవడం మంచిదే. దాంతోపాటు అయివారు ఇంటికి రావడం కూడా పోయింది. అక్షరాభ్యాసం మాత్రం మిగిలింది. ఇప్పుడు బాసరకో, ఊళ్లో గుడికో పోతాం. పూజారి వేలు పట్టుకుని రాయిస్తాడు, ఫోటోలు తీసుకుంటాం. రేపటినుంచి ఆ బిడ్డను పగలంతా చూసుకోబోయే టీచరు అక్కడ ఉండదు, పక్కన కూర్చోబోయే పిల్లలూ ఉండరు. అసలు పనికొచ్చే భాగాన్నే మనం వదిలేశాం.

ఆ భాగాన్ని మళ్లీ పట్టుకున్న మనిషి తారాబాయి మోడక్. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో పెట్టిన బాలమందిరంలో ఆయనతో కలిసి పనిచేసిన ఆమె, 1945లో మహారాష్ట్రలో అప్పటి థానే జిల్లా బోర్డి అనే పల్లెకు వెళ్లింది. పేదల పిల్లలు బాలవాడికి, అంటే పసిపిల్లల బడికి, రాకపోతే వాళ్లను తప్పుపట్టలేదు. బాలవాడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకుపోయింది. అనూతాయి వాఘ్ ఆమెకు కుడిభుజంగా నిలిచింది. 1957లో కోస్‌బాడ్ కొండకు మారాక, పశువులు కాసుకునే గిరిజన పిల్లల కోసం పచ్చిక బయళ్లలోనే బడి నడిపారు. అంగన్‌వాడీ పుట్టింది బోర్డి వాకిళ్లలోనే. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలుపెట్టినప్పుడు ఆ పేరునే తీసుకుంది.

మా కేంద్రాల్లో కార్యకర్త ఆ ఊరి మనిషే కావడం, ఆయా పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి పిల్లలను చంకనేసుకుని రావడం చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది. నా అనుభవంలో బిడ్డ ఏడుపు మాన్పించేది అదే. ఆయా వాళ్లమ్మతో వాకిట్లో నిలబడి నాలుగు మాటలు మాట్లాడాక ఎత్తుకున్న బిడ్డకూ, గేటు దగ్గర వదిలేసిన బిడ్డకూ తేడా మొదటి వారంలోనే తెలిసిపోతుంది. రంగు రంగుల గోడలున్న ప్లే స్కూళ్లలో, ఎండాకాలం శిబిరాల్లో ఈ పని చేసేవాళ్లు నాకు ఎక్కడా కనబడలేదు. ఫీజు కట్టించుకుంటారు, తలుపు మూస్తారు, ఏడ్చి ఏడ్చి వాడే అలవాటు పడతాడంటారు. పసిబిడ్డ పట్ల అది అన్యాయం.

టీచర్లకూ, తల్లిదండ్రులకూ నేను అడిగేది ఒక్కటే. ఈ జూన్‌లో బిడ్డను బడిలో వేసే ముందు రోజు టీచరమ్మను, అదే తరగతిలోని ఇద్దరు ముగ్గురు పిల్లలను మీ ఇంటికి పిలవండి. గుప్పెడు బొరుగులు, ఒక బెల్లం ముక్క చాలు.